ఆ కాలితోనే నడిచి రా

పోయిన వారం ఇశ్రాయేలు గారిని మనం గచ్చిబౌలి కూడలిలో, ఎర్ర దీపం దగ్గర ఆగిన స్వామి ఆటోలో వదిలి వచ్చాం. ఎనభై ఏళ్ల మనిషి. ఒళ్లో ఫోను, ఫోనులో ఒక పెన్సిలు బొమ్మ. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న మూడు గుండ్లు, పక్కన ఒక సీతాఫలం చెట్టు, చెట్టు కింద చిన్న గీత. ఆ గీత ఒక తల్లి సమాధి. బొమ్మ గీసినవాడు కరాచీలో మంచం పట్టిన గులాం దస్తగీర్. పంపింది ఆయన మనవరాలు మెహనాజ్.

"నాలుగింటికి వీడియో కాల్ చేస్తాను అంకుల్. తాతకు వాళ్ల అమ్మ సమాధి ఒక్కసారి చూపించండి. మీరు వెళ్లొచ్చారు కదా, దారి మీకు తెలుసు కదా" అంది ఆ పిల్ల.

వెళ్లొచ్చారు కదా. ఆ మాటే ఆయనకు చెప్పులో రాయి అయి కూర్చుంది. ఎందుకంటే ఆయన వెళ్లలేదు. వెళ్లానని ఉత్తరం రాశాడు.

యాభై నాలుగేళ్ల కిందటి డిసెంబరులో ఇశ్రాయేలు ఫ్లైట్ లెఫ్టినెంట్. బాంబర్ విమానం నడిపేవాడు. సరిహద్దు అవతల బాంబులు వేసి వెనక్కి మళ్లుతుండగా కుడి ఇంజను అంటుకుంది. నావిగేటరు ముందు దూకి వేరే చోట దిగాడు, వేరే శిబిరంలో ఉండి క్షేమంగానే తిరిగొచ్చాడు. ఇశ్రాయేలు మాత్రం సింధులో, పత్తి ఏరేసిన చేలో, ఎండు కట్టెల మధ్య పడ్డాడు. పడడంతోనే ఎడమ తొడ ఎముక విరిగింది. మిగతా పని ఊరి జనం చూసుకున్నారు. పైనుంచి బాంబులు వేసినవాడు చేతికి చిక్కితే ఏ ఊరివాళ్లయినా అదే చేస్తారు. ఆ దెబ్బల విషయంలో ఆయనకు అప్పుడూ ఇప్పుడూ ఎవరి మీదా కోపం లేదు.

సైనికులు వచ్చి విడిపించి ఆసుపత్రిలో చేర్చారు. అప్పటికే గాయం కుళ్లు పట్టింది. నాలుగో రోజు డాక్టరు మోకాలికి జానెడు పైన ఊదా రంగు మందుతో ఒక గీత గీశాడు. మర్నాడు అక్కడికి కోసెయ్యాలని. ఆ మధ్యాహ్నం జ్వరంలో ఇశ్రాయేలు "అమ్మా, నీళ్లు" అన్నాడట. కట్లు మార్చే కంపౌండరు చేతిలో దూది పట్టుకుని ఆగిపోయాడు.

"నీళ్లా? నీది ఏ ఊరు?" అన్నాడు, తెలుగులో.

అతనే దస్తగీర్. గోల్కొండ అవతల ఒక జాగీర్దారు తోటకు కాపలా కాసినవాడి కొడుకు. తొమ్మిదో ఏట తల్లిని ఆ మూడు గుండ్ల కింద పూడ్చిపెట్టి, పదో ఏట తండ్రి వేలు పట్టుకుని కరాచీ చేరినవాడు. డాక్టరును బతిమాలి రెండు రోజులు గడువు సంపాదించాడు. ఆ రెండు రోజులూ గంటకొకసారి గాయం కడిగాడు. మూడో రోజు డాక్టరు వంగి వాసన చూసి, కోత పని రద్దు చేసి వెళ్లిపోయాడు. కాలు నిలిచింది. ఊదా గీత మాత్రం రెండు నెలలు చెరగలేదు.

ఏడాది తరువాత ఖైదీలను వదిలినప్పుడు దస్తగీర్ అడిగింది ఒక్కటే. "నా కాళ్లు అక్కడికి పోలేవు భాయ్. ఈ కాలితోనే మా అమ్మ దగ్గరికి ఒక్కసారి నడిచి పో. చెంబెడు నీళ్లు పోసి రా."

డెబ్బై అయిదులో బేగంపేటకు బదిలీ అయ్యాక ఇశ్రాయేలు ఒకసారి బయల్దేరాడు. టోలిచౌకి దాకా వెళ్లి, వాన వచ్చిందని వెనక్కి మళ్లాడు. వాన ఒక వంక. అసలు సంగతి భయం. అవతలి దేశపు మనిషి తల్లి సమాధి దగ్గర ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరు కనబడితే పైవాళ్లు ఏమంటారో అని ఒకటి. ఆ వార్డు మళ్లీ కళ్ల ముందుకు వస్తుందని ఇంకొకటి. ఆ సాయంత్రమే ఉత్తరం రాశాడు. "నీ మాట చెల్లించాను. ఆ కాలితోనే నడిచి వెళ్లాను." లండన్‌లో ఉన్న మిత్రుడి ద్వారా పంపించమని భార్య రెబెక్కా చేతికిచ్చాడు. ఆమె నర్సు. మాటలు తక్కువ. ఉత్తరం చదివి, కవరు అంటించి, పోస్టులో వేసి వచ్చింది.

ఇప్పుడు ఆమె లేదు. పోయి ఆరేళ్లయింది. అబద్ధం ఉంది.

పచ్చ దీపం పడింది.

"ఫికర్ చేయకుండ్రి సార్. నాలుగుకు ఇంక అర్ధగంట ఉన్నది" అన్నాడు స్వామి. పాలమూరు వైపు మనిషి. బొమ్మ చూడగానే గుండ్లను గుర్తుపట్టింది అతనే. "గీ కంపెనీలు రాకముందు గిదంత గుండ్లే ఉండె సార్. అన్నిటిని పేల్చి అద్దాలు నిలబెట్టిండ్లు. గీ మూడింటిని మాత్రం సూపుకు మంచిగున్నయని ఉంచిండ్లు. రోజు జూస్త నేను. కింద సమాధి ఉన్నదని ఇయ్యాలనే ఎర్క."

"నేనుండేది ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు బాబూ. పదకొండేళ్ల నుంచీ."

"పట్నం గంతే సార్. నా అన్న మూసాపేటల ఉంటడు. నేను వాని మొకం జూసి ఏడాదాయె."

ఇశ్రాయేలు గారికి నవ్వు వచ్చింది. వచ్చినందుకు ఆశ్చర్యమూ వేసింది. దారి మధ్యలో గోతులు వచ్చినప్పుడల్లా స్వామి చెప్పకుండానే ఆటో నెమ్మది చేస్తున్నాడు. ఎడమ కాలు చాపుకోవడానికి వీలుగా వెనకాలి సంచీ తీసి తన పక్కన పెట్టుకున్నాడు. ఇలాంటివి ఎవరూ అడిగి చేయించుకోలేరు.

నానక్‌రాంగూడ దాటాక, ఆఫీసు బస్సులు బారులు తీరిన రోడ్డు వదిలి, ఒక గోడ వెంట వెనక గేటుకు తీసుకుపోయాడు స్వామి. "ముంగటి గేటుకు పోతే కంప్యూటర్ల పేరుండాలె. గీడ పోచన్న ఉంటడు. మనోడే."

పోచయ్య నీలం యూనిఫాంలో, యాభై అయిదేళ్ల మనిషి. మీసం నెరిసింది. ఇశ్రాయేలు గారి చేతికర్రను చూసి ముందు కుర్చీ జరిపాడు, తర్వాతే ప్రశ్న వేశాడు.

"ఎవర్ని కలవాలె సార్?"

"మనుషుల్ని కాదండీ. లోపల మూడు గుండ్లు ఉన్నాయట, అక్కడికి. పది నిమిషాలు చాలు."

పోచయ్య ఆయనను ఒకసారి ఎగాదిగా చూశాడు. "ఫోను ఇయ్యుండ్రి" అని తీసుకుని, ముందు కెమెరా మీదా వెనక కెమెరా మీదా రెండు ఎర్ర స్టిక్కర్లు అతికించాడు. ఆ గేటు దాటే ప్రతి ఫోనుకూ అంతే, పెళ్లికూతురికి బొట్టు పెట్టినట్టు.

"అయ్యో, అవి మూస్తే ఎలాగండీ? నేను వచ్చిందే ఒకరికి చూపించడానికి. నాలుగింటికి ఫోను వస్తుంది. ఆయన మంచం మీదున్నాడు."

"రూలు సార్. లోపల ఫోటోలు, వీడియోలు గిట్ల బంద్. నా నౌకరి పోతది."

"పోకూడదు. నా కోసం అసలు పోకూడదు" అన్నాడు ఇశ్రాయేలు. తన కోసం దస్తగీర్ ఒకసారి ఇబ్బంది పడ్డాడు, చాలు. ఒక ఆలోచన కూడా మెల్లగా వచ్చింది. ఇది మంచిదేనేమో. రూలు ఒప్పుకోలేదని మెహనాజ్‌కు చెబితే పోతుంది. టోలిచౌకిలో వాన వచ్చినట్టే, ఇప్పుడు స్టిక్కర్ వచ్చింది. ముసలితనంలో కూడా వంకలు మనిషిని వదలవు సుమా అనుకుని సిగ్గుపడ్డాడు.

"ముందైతే రిజిస్టరు రాయుండ్రి" అని పోచయ్య దారం కట్టిన పెన్ను అందించాడు.

పేరు. ఫోను నంబరు. ఎక్కడి నుంచి. అంతవరకూ రాశాడు. నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగింది. కలవవలసిన వ్యక్తి.

"ఇక్కడ ఏం రాయమంటారండీ?"

"గుండు కాడికే కదా. దవాఖాన నర్సమ్మ రాసినట్టు అత్తయ్య అని రాయుండ్రి. గట్లయితే మా సూపర్‌వైజర్ ఒప్పుకుంటడు."

"నర్సమ్మ ఎవరు?"

"ఏటేట వస్తుండె సార్ ఒక అమ్మ. క్రిస్మస్ నెల మొదటి తారీకు. తెల్లచీర, చేతిల స్టీల్ క్యారేజి. నేను గేటు మీదికొచ్చినప్పటి సంది చూస్తున్న. కలవాల్సినోళ్లు ఎవరమ్మా అంటే, మా అత్తయ్య అని రాస్తుండె. ఫస్టుసారి నవ్విన. ఇగ అలవాటైపాయె. ఎప్పుడొచ్చినా నా పిల్లలకు కేకు తెచ్చేది. ఆరేడేండ్లాయె, వస్తలేదు. పేరు..." పోచయ్య నుదురు రుద్దుకున్నాడు. "రెబెక్కమ్మ."

ఇశ్రాయేలు గారు పెన్ను కింద పెట్టాడు.

డిసెంబరు ఒకటి తను విడుదలై సరిహద్దు దాటి వచ్చిన రోజు. ఏటా ఆ రోజు రెబెక్కా చర్చి మహిళా సమాజానికని పొద్దున్నే బయల్దేరేది. వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది.

"మీకు ఎర్కనా సార్ ఆమె?"

"నా భార్య అండీ. చనిపోయింది."

పోచయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. స్వామి ఆటోలో పాట కట్టేశాడు. తరువాత ఇశ్రాయేలు గారు రిజిస్టరు దగ్గరికి లాక్కుని, ఖాళీ గడిలో, కొంచెం వంకరగా, అత్తయ్యకు బదులు 'అమ్మ' అని రాశాడు.

"పాండ్రి" అన్నాడు పోచయ్య మళ్లీ టోపీ పెట్టుకుని. "గీ స్టిక్కర్ సంగతి నేను చెప్త. గుండ్ల వెనక పిట్టగోడ ఉంటది. దాని అవతల కంపెనీ జాగ కాదు, సమాధి జాగ. సర్వేల విడిచిపెట్టిండ్లు. గోడ దాటినంక స్టిక్కర్ పీకుండ్రి. మళ్ల ఇటు వచ్చేటప్పుడు కొత్తది నేనే అతికిస్త. రూలుకు రూలు, పనికి పని."

"ఆటో లోపలిదాకా పోనిస్తావా అన్నా?" అని స్వామి అడిగాడు. "సార్ కాలు..."

"వద్దు బాబూ" అన్నాడు ఇశ్రాయేలు. "నడవాలి. నడవమనే చెప్పారు."

రెండు వందల అడుగులు ఉంటుందేమో. కత్తిరించిన పచ్చిక అయిపోయాక రాతినేల, పిచ్చిమొక్కలు. కర్ర ఒక చేత, ఇంకో పక్క పోచయ్య. ప్రతి అడుగుకూ ఎడమ తొడలో పాత ఎముక తన సంగతి చెబుతూనే ఉంది. ఎదురుగా మూడు గుండ్లు, వాటి వెనక అద్దాల మేడ. ఆ అద్దాల్లో గుండ్ల నీడలు. పై గుండు మెడ తిప్పి కూర్చున్న కోడిలా, అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది. తొమ్మిదేళ్ల పిల్లవాడి కళ్లు ఎంత గట్టిగా పట్టుకున్నాయో.

పిట్టగోడ దగ్గర వంగి చూసుకుంటే ప్యాంటు అంచు నిండా ఉత్తరేణి గింజలు అంటుకున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. డిసెంబరు ఒకటిన రెబెక్కా చీర కుచ్చిళ్లకు ఇవే ఉండేవి. వరండాలో కూర్చుని తనే ఒక్కొక్కటీ ఏరేవాడు. "మీ మహిళా సమాజం పొలాల్లో జరుగుతుందా ఏమిటి?" అని ఎగతాళి చేసేవాడు. "దేవుడి పని ఎక్కడైనా జరుగుతుందండీ" అనేది ఆమె. ఎన్నేళ్లు ఏరాడు ఆ గింజలు! ఒక్కసారైనా ఎక్కడివని ఆలోచించలేదు. చేతిలో పెట్టి చూపించినా కనబడలేదు తనకు. అంత ఓపిగ్గా మోసం చేసినందుకు కోపం రావాలేమో. రాలేదు. ఎవరో చలికి దుప్పటి కప్పి వెళ్లిన సంగతి తెల్లారాక తెలిసినట్టుంది.

పోచయ్య భుజం పట్టుకుని గోడ దాటాడు. అవతల సీతాఫలం చెట్టు కింద ఒక ముసలమ్మ చీపురుతో ఆకులు ఊడుస్తోంది. పోచయ్య తల్లి సత్తెమ్మ. రోజూ మధ్యాహ్నం కొడుక్కు సద్ది తెచ్చి, ఎండ తగ్గేదాకా ఉండి ఇక్కడ ఊడ్చి పోతుంది.

"అవ్వా, గీ సారు రెబెక్కమ్మ పెనిమిటి. అమ్మ కాలం చేసిందంట."

సత్తెమ్మ చీపురు ఆనించి నిలబడింది. చాలాసేపు ఆయన కాలికేసే చూసింది.

"నలభై ఏండ్లు పెండ్లాన్ని నడిపిచ్చినవు. నువ్వేమో ఆటోల వచ్చినవా సారూ?"

"గేటు నుంచి నడిచానమ్మా."

"గంతన్న నయం" అంది. అని, వెంటనే కొంగు కళ్లకు అద్దుకుంది. "నాకు మూడు నెలలప్పుడు మా అవ్వకు పాలు పడలే. గీ తల్లే నాకు చన్నిచ్చిందంట. అందుకే నేను ఊడుస్త. నీ పెండ్లాం ఎందుకొస్తుందో మొదలు తెల్వకుండె. అడిగితే, నా భర్త కాలు నిలబెట్టినోని తల్లి, నాకు అత్తే కదా అన్నది. గట్ల మాట్లాడే మనిషిని నేను మళ్ల చూడలే."

చిన్న సమాధి. తలవైపు ఒక నాపరాయి, అంతే. చుట్టూ నేల అద్దంలా ఉంది. సత్తెమ్మ రాగిచెంబు అందించింది. ఇశ్రాయేలు గారు కర్ర పక్కన పెట్టి, రెండు చేతులా చెంబు పట్టుకుని నీళ్లు పోశాడు. నేల వెంటనే పీల్చుకుంది, ఎదురు చూస్తున్నట్టు.

అప్పుడే ఫోను మోగింది. పోచయ్యే స్టిక్కర్లు పీకి, వాటిని జాగ్రత్తగా తన చొక్కా జేబుకు అంటించుకున్నాడు.

తెరమీద మొదట ఒక అమ్మాయి, తరువాత దిండ్లకు ఆనించిన ఒక ఎముకల గూడు. తెల్లటి గడ్డం. కళ్లు మాత్రం దూది చేతపట్టుకుని ఆగిపోయిన కంపౌండరువే.

"దస్తగీర్..." అని సమాధి వైపు ఫోను తిప్పబోయాడు.

"రుకో. ముందు అమ్మను కాదు. కాలు చూపియ్."

ఇశ్రాయేలు గారు ప్యాంటు మోకాలి పైకి మడిచాడు. పోచయ్య ఫోను పట్టుకున్నాడు. కరాచీలో ముసలాయన కళ్లజోడు తెప్పించుకుని మరీ చూశాడు.

"పని మంచిగనే చేసిన" అన్నాడు తృప్తిగా. "డాక్టర్ సాబ్ ఉంటే చూపిస్తుంటి."

తరువాత సమాధి చూపించారు, చెట్టు చూపించారు, గుండ్లు చూపించారు. సత్తెమ్మ ఫోనులోకి తొంగి చూసి, "మంచిగున్నవా అన్నా" అంది. దస్తగీర్ చెయ్యి పైకెత్తి ఆశీర్వదించాడు.

ఇక ఆగకూడదు. ఇప్పుడు చెప్పకపోతే మళ్లీ ఎక్కడో వాన వస్తుంది.

"దస్తగీర్, నేను నీకు అబద్ధం రాశాను. అప్పుడు నేను రాలేదు. ఇవాళే మొదటిసారి రావడం. నువ్వు నా కాలు నిలబెడితే, నేను..."

"మాలూమ్ భాయ్."

"ఏమిటి?"

"నువ్వు రాలేదని నాకు ఎప్పుడో తెలుసు. నీ ఖత్ వచ్చిన ఏడాదే ఇంకో ఖత్ వచ్చింది. భాభీ రాసింది, ఇంగ్లీషుల. 'ఆయనకు ఇంకా ధైర్యం రాలేదు, అంతవరకు నేను నడుస్తాను, కోపం పెట్టుకోకండి' అని. అప్పటి సంది ఏడాదికొకటి. మా అమ్మ దగ్గర ఏ పువ్వు పూసిందో, ఏ కొమ్మ విరిగిందో, అంతా రాస్తుండె. నా పెట్టెల నలభై నాలుగు ఖత్‌లు ఉన్నాయి." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఆఖరుది మాత్రం అంటించిన కవరు, పైన తెలుగుల నీ పేరున్నది. అది నాకు కాదు, నీకు. నువ్వు నీ అంతట నువ్వు అక్కడికి నడిచి వచ్చిన రోజే చూపించమన్నది. చాలా ఎదురుచూసిన. ఇగ నాకు టైము లేదు, అందుకే పిల్లతో ఫోను చేయించిన. బేటీ, తియ్."

మెహనాజ్ కవరు చింపింది. లోపలి కాగితం విప్పి, తనకు రాని అక్షరాలను తలకిందులు కాకుండా తాత సరిచేశాక, తెరకు దగ్గరగా పట్టుకుంది. గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా రాసే అక్షరాలు. మందుసీసాల మీద, పాలవాడి చీటీల మీద, నలభై అయిదేళ్లు చూసిన చేతిరాత.

"ఏమండీ, కాలు నొప్పిగా ఉందా? ముందు ఆ పక్కనున్న రాయి మీద కూర్చోండి. తర్వాత చదువుదురుగాని."

ఎడమ పక్కన నిజంగానే ఒక రాయి ఉంది, పైన నున్నగా అరిగిపోయి. "గది ఆమె కూసుండే రాయి" అంది సత్తెమ్మ. ఇశ్రాయేలు గారు మాట విన్న పిల్లవాడిలా దాని మీద కూర్చున్నాడు. ఎండకు రాయి వెచ్చగా ఉంది.

కళ్లు తుడుచుకుని రెండో పంక్తి చదివాడు.

"మీకు చెప్పకుండా నేను చేసిన పనుల్లో ఇది చిన్నది. పెద్దది సత్తెమ్మ దగ్గర దాచాను."

తలెత్తి చూశాడు. సత్తెమ్మ అప్పటికే కొంగు ముడి విప్పి, తుప్పు పట్టిన ఒక తాళంచెవిని బయటికి తీస్తోంది.